ఇంకొక్క రాత్రికి

ఖాళీ చెయ్యాల్సిన రోజు పొద్దున మేడమీది ఆవిడ కిందికి దిగి వచ్చింది. చేతిలో పెట్టె లేదు. తాళంచెవి ఉంది గానీ తిరిగివ్వడానికి తెచ్చినట్టు లేదు. గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

చిన్నకోడలు పెరట్లో తొట్టి ముందు కూర్చుని దుప్పట్లు జాడిస్తోంది. అత్తగారు పోయి చాలా కాలమైంది, పెద్దకోడలు వేరే ఊళ్ళో కాపురముంటోంది, అయినా వీధిలో అందరికీ ఆమె ఇంకా చిన్నకోడలే. ఇల్లు బావగారి పేర ఉంది. కింద రెండు గదుల్లో ఆమె, ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె భర్త ఉంటారు. సముద్రం కనబడే పై భాగాన్ని సెలవులకి వచ్చేవాళ్ళకి రోజుల లెక్కన ఇస్తారు. తాళాలివ్వడం, ఊడవడం, తుడవడం, దుప్పట్లు ఉతకడం ఆమె వంతు. ధర మాత్రం బావగారు ఫోన్లో పెట్టించిన యాప్ చెబుతుంది. ఊళ్ళోకి జనం ఎంతమంది వస్తున్నారో చూసుకుని, టమాటాల ధరలా, తెల్లారేసరికి అదే మారిపోతుంది. వచ్చినదాంట్లో ఆమెకి నాలుగోవంతు.

"అమ్మాయ్, ఇంకొక్క రాత్రికి ఉండొచ్చా?" అంది ఆవిడ.

ఎందుకని అడగాల్సిన పని లేకపోయింది. ముందురోజు సాయంత్రం ఆవిడ భర్త ఇసకలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడనీ, హార్బరు వెనక ఆస్పత్రిలో చేర్చారనీ పని నుంచి వస్తూ చిన్నకోడలి భర్త మోసుకొచ్చాడు కబురు.

ఆ దంపతులిద్దరిదీ ఒకటే బస్సు. ఆయన డ్రైవరు, ఆవిడ కండక్టరు. వచ్చిన రోజు తాళం తీసుకుంటూ ఆవిడ, ఇన్నేళ్ళూ ఈయన వీపు చూస్తూనే బతికాను, నాలుగు రోజులు మొహం చూద్దామని లాక్కొచ్చాను, అని నవ్వితే, ఆయన సిగ్గుపడిపోయి గబగబా మెట్లెక్కేశాడు. మళ్ళీ వీపే కనిపించింది. అప్పుడే చిన్నకోడలు మనసులో ఆవిడకి కండక్టరమ్మ అని పేరు పెట్టేసుకుంది.

"ఎలా ఉంది అక్కగారూ?"

"గుండె అంటున్నారు. రేపు చూసి చెబుతామన్నారు. రేపే పంపించేస్తారేమో కూడా. అందుకే, ఒక్క రాత్రికి."

చిన్నకోడలు తువ్వాలుకి చేతులు తుడుచుకుని ఫోను తీసింది. ఆ రాత్రి ధర వచ్చింది. ముందు ఇచ్చినదానికంటే ఎక్కువే. దాని కిందే చిన్న అక్షరాల్లో ఇంకో వరస ఉంది. వారానికి కలిపి తీసుకుంటే రాత్రికి ఎంత పడుతుందో చెప్పే వరస. దాదాపు సగం. ఫోను ఆవిడవైపు తిప్పి చూపించేటప్పుడు చిన్నకోడలి బొటనవేలు ఆ వరస మీదికి జరిగింది. తను జరిపిందా, అదే జరిగిందా అని తర్వాత ఆమె చాలాసార్లు ఆలోచించుకుంది.

వారం ధర సంగతి అడిగితేనే చెప్పమని బావగారు మొదట్లోనే చెప్పి ఉంచాడు. అడగందే అమ్మైనా పెట్టదు, మనమెంత, అనేవాడు.

కండక్టరమ్మ ఫోనువైపు ఒకసారి చూసి, సరేనని తలూపి, పాత తోలుసంచిలోంచి డబ్బు తీసి ఇచ్చి, వెంటనే గేటు దాటి వెళ్ళిపోయింది. అడగలేదు. ఒక్క రాత్రే కదా అనుకుంది చిన్నకోడలు. మళ్ళీ తొట్టి ముందు కూర్చుంది. దుప్పటి పిండబోతే కుడి మణికట్టు కలుక్కుమంది. చలికాలం నుంచీ అది అలాగే ఉంది. గిన్నె దించాలన్నా ఎడమ చెయ్యే. బజారు మూలమీద కొట్లో బట్టలుతికే మిషను ఒకటి చూసి పెట్టుకుంది. మొదటి వాయిదాకి కొంచెం తక్కువ పడుతోంది, అంతే.

*

ఆస్పత్రివాళ్ళు రేపన్నది మర్నాడు ఇంకో రేపైంది. ఆ రేపు మరో రేపైంది. కండక్టరమ్మ రోజూ పొద్దున స్నానం చేసి, జుట్టు బిగించి ముడేసుకుని, కిందికి దిగి అదే మాట అడిగేది. "ఇంకొక్క రాత్రికి." డ్యూటీకి వెళ్ళే మనిషి సంతకం పెట్టినట్టు అడిగేది. చిన్నకోడలు ఫోను తీసి చూపించేది. ధర రోజూ ఒక మెట్టు ఎక్కేది. కింద వరసలో వారం ధర మాత్రం పెద్దగా కదలకుండా కూర్చుని ఉండేది.

మొదటిరోజే చెప్పి ఉంటే సరిపోయేది. రెండోరోజు చెబితే నిన్న ఎందుకు చెప్పలేదంటుంది. మూడోరోజుకి ఆ మాట ఇంకా బరువెక్కింది. తేలు కుట్టిన దొంగలా ఉంది చిన్నకోడలి పని. ఎవరైనా ధర అన్న మాట ఎత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా తనే భుజాలు తడుముకుంటోంది. కూరల కొట్టువాడు ఈ ధరకి ఇంకెక్కడా రాదమ్మా అంటే, వాడి మొహంలోకి చూడకుండా సంచి అందుకుని వచ్చేసింది.

వారాంతానికి ధర ఒక్కసారి పైకి లేచింది. ఊళ్ళో పెద్ద హాల్లో డాక్టర్ల సదస్సు జరుగుతోందని, గదులన్నీ నిండిపోయాయని బావగారు హుషారుగా ఫోను చేశాడు. ఆ సంగతే చిన్నకోడలు నసుగుతూ కండక్టరమ్మకి చెప్పింది.

కండక్టరమ్మ కాసేపు ఆ అంకె వంకే చూసింది. "ఊరినిండా డాక్టర్లున్నారన్నమాట," అంది. "మాకు దొరికింది మాత్రం ఒక్కడే. వాడూ రేపంటాడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక చిన్నకోడలు ఫోను బోర్లించి పట్టుకుంది.

ఆ సాయంత్రం భర్త చెప్పులు విప్పుతూ, ఆవిడ ఆస్పత్రి నుంచి నడిచొస్తోంది ఈమధ్య, మొదట్లో బండెక్కి వచ్చేది, అన్నాడు. అని ఊరుకోలేదు. వారం ధర ఒకటుంటుంది కదా, ఆవిడకి చెప్పావా అని అడిగాడు.

"ఆవిడ అడగలేదు."

అతను బకెట్లోంచి నీళ్ళు తీసుకుని కాళ్ళు కడుక్కున్నాడు. ఐసు మోసి మోసి ఎర్రబారిన వేళ్ళని ఒక్కొక్కటే రుద్దుకున్నాడు. "అడగందే అమ్మైనా పెట్టదంటాడు మా అన్నయ్య," అన్నాడు. "మా అమ్మ అడక్కుండానే పెట్టేది. పెట్టనిది అన్నయ్యే."

ఇంకేమీ అనలేదు. అంటే బావుండుననిపించింది ఆమెకి. అంటే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు.

*

మిషను వచ్చిన రోజు కండక్టరమ్మ ఇంట్లోనే ఉంది. పొద్దున ఎవర్నీ లోపలికి రానివ్వం అన్నారట, పరీక్షలేవో చేస్తున్నారట. మెట్లమీద కూర్చుని భర్త చొక్కాకి ఊడిన గుండీ కుడుతోంది. కొట్టువాళ్ళిద్దరు మిషనుని దించి పక్కసందులోంచి పెరట్లోకి తీసుకెళ్ళలేక గోడకి ఒకసారి, తలుపుకి ఒకసారి కొట్టుకుంటుంటే, ఆవిడ సూది చొక్కాకే గుచ్చి లేచింది.

"ఆగండి ఆగండి. ముందు వెనక్కి రానివ్వండి. రానీ... రానీ... హోల్డాన్! ఇప్పుడు ఎడమకి కొట్టు. ఇంకాస్త. ఆఁ, రైట్ రైట్!"

గోడని అరచేత్తో రెండుసార్లు చరిచింది. కొట్టువాళ్ళు నవ్వుతూనే ఆవిడ చెప్పినట్టు విన్నారు. మిషను గీత పడకుండా పెరట్లోకి చేరింది. ఇంత ఇరుకు సందులో పెద్ద బస్సునే తిప్పించేదాన్ని, ఇదెంత, అంది ఆవిడ. ఆ కాసేపూ ఆవిడ మొహం వచ్చిన రోజులాగే ఉంది.

గొట్టం బిగించారు, నీళ్ళు పట్టించారు. మొదటి వాయి వేసుకోమన్నారు. చిన్నకోడలు ఏం వెయ్యాలో తెలియనట్టు నిలబడిపోయింది. కండక్టరమ్మ కొంచెం మొహమాటపడుతూ, మావారి బట్టలు రెండు జతలున్నాయి, ఆస్పత్రి వాసన వస్తున్నాయి, వెయ్యనా, అని అడిగింది.

"మొదటి వాయి మీదే అక్కగారూ."

మిషను తిరుగుతుంటే ఇద్దరూ గాజు మూతలోంచి చూస్తూ నిలబడ్డారు. లోపల ఒక ఖాకీ చొక్కా చెయ్యి పైకి లేచి మళ్ళీ మునిగింది. కండక్టరమ్మ చిన్నకోడలి కుడిచెయ్యి పట్టుకుని మణికట్టు మీద వాపుని బొటనవేలితో నెమ్మదిగా నొక్కి చూసింది. టికెట్ మిషను పట్టుకుని పట్టుకుని నాకూ ఇలాగే ఉండేది, మంచిపని చేశావు కొనుక్కుని, ఆడదాని చెయ్యి పడిపోయాక ఎవరూ చెయ్యందించరు, అంది. చిన్నకోడలు చెయ్యి వెనక్కి తీసుకోవాలనుకుంది. తీసుకోలేకపోయింది.

మధ్యాహ్నం కండక్టరమ్మ ఆస్పత్రికి వెళ్ళాక, చిన్నకోడలు ఆరిన బట్టలు ఇస్త్రీ చేసి, ఫ్లాస్కులో టీ పోసుకుని, తనే అక్కడికి తీసుకెళ్ళింది. ఏదో ఒకటి మోసుకెళ్తే తప్ప కాలు నిలవలేదు. వరండాలో బల్లమీద కండక్టరమ్మ నిటారుగా కూర్చుని, గోడకి ఆనుకోకుండా, సంచి ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోంది. కదిలే బండిలో పడుకోవడం అలవాటైన మనిషి. లేపకుండా చిన్నకోడలు తలుపు సందులోంచి లోపలికి చూసింది. డ్రైవరుగారు కళ్ళు మూసుకుని ఉన్నాడు. దుప్పటి కింద కుడిపాదం మాత్రం మెల్లిగా కిందికి నొక్కుతోంది, వదులుతోంది. నిద్రలో ఏ మలుపు దగ్గర బ్రేకు వేస్తున్నాడో.

నర్సు ఎవరితోనో అంటోంది: "ఏమో, రేపు చూద్దామన్నారు."

ఫ్లాస్కు, బట్టలు బల్లమీద పెట్టేసి బయటికి వచ్చింది. గేటు దగ్గర నిలబడి బావగారికి ఫోను చేసింది. ఎప్పుడూ ఆయనకి ఎదురుచెప్పని మనిషి, ఆ రోజు గుక్క తిప్పుకోకుండా చెప్పింది. వాళ్ళు కష్టంలో ఉన్నారని, వచ్చిన రోజు నుంచీ లెక్కేసి వారం ధర కట్టాలని, రోజూ ధర పెంచడం పాపమని. కోప్పడతాడనుకుంది. కోప్పడితే తేలిగ్గా ఉండేది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"ఏమ్మా, నేను పెంచుతున్నానా? ఆ యాప్ పెంచుతోంది. వారం ధర అక్కడే ఉంది కదా, ఫోన్లో. నేనేం దాచిపెట్టలేదే. అడిగితేనే చెప్పమన్నాను, నిజమే. కష్టంలో ఉన్నవాళ్ళకి చెప్పొద్దన్నానా? పోనీ నీ నాలుగోవంతులోంచి తగ్గించినా నేను వద్దనేవాణ్ణా? నీ ఇష్టమే కదమ్మా అది."

సరే బావగారూ అని పెట్టేసింది. ఇంటిదారి పట్టింది. ఇన్నిరోజులూ ఆ పాపాన్ని బావగారి నెత్తిన వేసి తను కింద నిలబడింది. ఆయన దాన్ని దించి మర్యాదగా ఆమె చేతికే ఇచ్చేశాడు. ఆయన మాటల్లో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు. నాలుగోవంతు తనది. అది పెరట్లో కొత్త గొట్టంతో, గీత పడకుండా కూర్చుని ఉంది.

*

మర్నాడు పొద్దున కండక్టరమ్మ మెట్లు దిగే చప్పుడే వేరుగా ఉంది. రెండేసి మెట్లు దిగుతోంది. చిన్నకోడలు రాత్రంతా కూడదీసుకున్న మాటతో గుమ్మంలో నిలబడి ఉంది. నోరు తెరిచేలోగా ఆవిడే అందుకుంది.

"రేపు పంపించేస్తున్నారు అమ్మాయ్. ఈసారి నిజం రేపు. కాయితం మీద రాసి ఇచ్చారు." గుమ్మం పక్కన అరుగుమీద కూర్చుంది. చిన్నకోడల్ని కూడా చెయ్యిపట్టి కూర్చోబెట్టింది. "ఇదే ఆఖరు. ఇంకొక్క రాత్రికి."

"అక్కగారూ, మీకో మాట చెప్పాలి."

"నేను ముందు చెబుతాను. వెళ్ళేటప్పుడు హడావుడిలో కుదరదు. నాకు తెలుసులే, ఆ వారం ధర సంగతి."

చిన్నకోడలు చటుక్కున తలెత్తి చూసింది.

"మొదటిరోజే చూశాను. నీ వేలికింద సగం కనబడింది. ఇన్నేళ్ళు టికెట్లు కొట్టినదాన్ని, రోజూ టికెట్టు కొనేకంటే పాసు చవకని నాకు తెలీదా? కానీ వారానికి తీసుకుంటే ఏమని? ఆయన వారందాకా లేవడని నేనే ఒప్పుకున్నట్టు కదా. నా చేత్తో ఎలా కడతాను ఆ డబ్బు? రోజూ ఒక్కరాత్రికని కట్టి వెళ్తుంటే, రేపు తీసుకొచ్చేస్తానన్న ధైర్యం ఉండేది. నువ్వు కూడా అందుకే ఆ వారం అన్న మాట నా ముందు ఎత్తలేదు. వేలు అడ్డం పెట్టి మరీ దాచావు. నాకప్పుడే అర్థమైంది. ఆస్పత్రిలో ఎవర్నడిగినా నసుగుతారు. బంధువులు ఫోను చేసి, ఎన్నాళ్ళు పడుతుందట, ఎన్నాళ్ళు పడుతుందట అని ప్రాణం తీస్తారు. ఈ ఊళ్ళో నువ్వొక్కదానివే, ఏ రోజుకారోజు ఇచ్చి పంపించావు నన్ను. నీ మేలు మర్చిపోను."

వీధిలో పాలబండి వెళ్ళింది. చిన్నకోడలు దాన్ని మలుపు తిరిగేదాకా చూసింది. ఊరుకుంటే అయిపోతుంది. ఊరుకోవడం ఇన్నిరోజులూ చేసిన పనే. కానీ ఆవిడ చెయ్యి ఇంకా తన మణికట్టు మీదే ఉంది, వాపు ఉన్న చోట.

"అందుక్కాదు అక్కగారూ," అంది. "నాకంత మనసు లేదు. విడిగా ఒక్కో రాత్రికైతే నాకెక్కువ వస్తుందని చెప్పలేదు. మిషను కోసం. వేలు అందుకే అడ్డం పెట్టాను."

కండక్టరమ్మ చెయ్యి వెంటనే తీయలేదు. మెల్లిగా తీసి తన ఒళ్ళో సంచిమీద పెట్టుకుంది. పెరటి వైపు చూసింది. కోపం వస్తుందేమోనని చిన్నకోడలు ఎదురుచూసింది, వస్తే బావుండుననీ చూసింది. ఆ మొహంలో కోపం రాలేదు. ఇందాకటి నుంచీ వెలుగుతున్నదేదో తగ్గిపోయింది, అంతే. ఆ వయసుకి ఉండాల్సినంత అలసట ఒక్కసారి వచ్చి కూర్చుంది.

"చెప్పకుండా ఉండాల్సింది," అంది.

"నా వంతు మొత్తం తిరిగి ఇచ్చేస్తాను. మావారినడిగి ఇవాళే..."

"ఇస్తే తీసుకుంటాను. వద్దనడానికి మాకేం ఎక్కువై లేదు. కానీ ఇవాళ కాదు. ఇవాళ నేను ఆయన దగ్గరికి నవ్వుమొహంతో వెళ్ళాలి." లేచి నిలబడింది. ముడి విప్పి మళ్ళీ బిగించుకుంది. సంచి భుజాన వేసుకుని, మామూలు గొంతుతో, ఎవరినైనా అడిగినట్టు అడిగింది. "ఈ రాత్రికి ఎంత?"

చిన్నకోడలు ఫోను తియ్యలేదు. తల అడ్డంగా ఊపింది. కండక్టరమ్మ బలవంతపెట్టలేదు. గేటు తీసుకుని హార్బరు వైపు నడిచింది. నిన్న మొన్నటికంటే నెమ్మదిగా నడిచింది.

*

ఆ సాయంత్రం జరిగింది చెబితే, భర్త ఏమీ అడక్కుండానే బట్టల పెట్టె అడుగునుంచి డబ్బు తీసి ఇచ్చాడు. చిన్నకోడలు దాన్ని కవర్లో పెట్టి మర్నాడు కండక్టరమ్మ చేతికిచ్చింది. ఆవిడ తీసుకుని, విప్పి చూడకుండా సంచిలో వేసుకుంది. గది ఊడ్చి, గిన్నెలు కడిగి బోర్లించి, దుప్పట్లు నాలుగు మడతలు పెట్టి తాళంతోపాటు అప్పగించింది. అక్కగారూ అని పిలిస్తే ఊఁ అంది. అమ్మాయ్ అని మాత్రం అనలేదు.

ఆస్పత్రి నుంచి కారు ఇంటి ముందుకి వచ్చి ఆగింది. డ్రైవరుగారు వెనక సీట్లో ఉన్నాడు. చిక్కిపోయాడు. ఇస్త్రీ చేసిన చొక్కా భుజాల దగ్గర వదులైంది. వెనక కూర్చోవడం కొత్త కాబోలు, ముందు సీటు అంచు పట్టుకుని వంగి కూర్చున్నాడు. చిన్నకోడలి భర్త పెట్టె డిక్కీలో పెట్టాడు. కండక్టరమ్మ అటువైపు నిలబడి ఫ్లాస్కు, మందుల సంచి సర్దుతోంది.

డ్రైవరుగారు అద్దం దించి చిన్నకోడల్ని దగ్గరికి రమ్మన్నట్టు చెయ్యూపాడు.

"మా ఆవిడ నిన్న చెప్పిందమ్మా," అన్నాడు. మాట సన్నగా, గాలి కలిసినట్టుంది. "ఎన్నాళ్ళన్న మాట ఎత్తకుండా, ఏ రోజుకారోజు ధైర్యమిచ్చి పంపించావట. నిన్న సాయంత్రమంతా నీ గురించే చెప్పింది. సొంత చెల్లెలైనా అంత చూడదు తల్లీ. నీ రుణం ఉంచుకోం."

నిన్న చెప్పింది. నిన్న సాయంత్రం. అంటే అరుగుమీద అంతా విన్న తర్వాత. చిన్నకోడలు కారు మీదుగా కండక్టరమ్మ వంక చూసింది. ఆవిడ సర్దడం ఆపేసి ఇటే చూస్తోంది. బతిమాలుతున్నట్టు లేదు, క్షమించినట్టూ లేదు. ఫుట్‌బోర్డు మీద వేలాడే మనిషిని లోపలికి వస్తాడా, పడతాడా అని చూసే చూపు.

కాదండీ అన్న మాట నాలుకమీదికి వచ్చింది. అది చెప్పేస్తే తనకి తేలికవుతుంది. ఈ మనిషి మాత్రం, దారి పొడుగునా ఆ వెనక సీట్లో, లేకుండాపోయిన చెల్లెల్ని తలచుకుంటూ కూర్చుంటాడు.

"జాగ్రత్తగా వెళ్ళి రండి అన్నయ్యా," అంది.

కండక్టరమ్మ తల దించుకుని కారెక్కింది. భర్త పక్కన కూర్చుని, ఆయన మొహంలోకి చూసి, అద్దం పైకెత్తనా, గాలి చల్లగా ఉంది, అని అడిగింది. వద్దన్నాడు. ఇంజను మొదలైంది. డ్రైవరుగారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఎదురొచ్చే బస్సుకి పెట్టినట్టు, నుదుటిదాకా ఎత్తి చిన్నకోడలికి సలాం పెట్టాడు. కారు కదలబోతూ ఆగింది. ఆయన చెయ్యి ఇంకా అలాగే ఉంది. తిరిగి పెట్టేదాకా దించేట్టు లేడు.

చిన్నకోడలు చెయ్యెత్తింది.